మతాల చరిత్ర పుస్తకం కొనేముందు వెనక పేజీలు తిప్పండి

మతాలు, వాటి మధ్య పాత సంబంధాలు, ఇప్పటి యుద్ధాల మీద కొత్త పుస్తకాలు కుప్పలుగా వస్తున్నాయి, వాటిలో ఏది నమ్మి చదవాలి అని అడిగారు. పేర్ల జాబితా ఇవ్వను. ఇస్లాం పుట్టినప్పటి నుంచి పద్నాలుగు శతాబ్దాల చరిత్రను ఒక్క సంపుటంలో చుట్టబెట్టే పుస్తకాన్ని పక్కన పెట్టండి. ఒక్క ఊరిని, ఒక్క వీధిని, వీలైతే ఒక్క గుమ్మాన్ని పట్టుకుని వదలని పుస్తకం తీసుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మేం కొందరం నెలకో పుస్తకం చదివి మాట్లాడుకుంటాం. ఒక నెల జెరూసలేం మీద వచ్చిన లావుపాటి కొత్త పుస్తకం వంతు వచ్చింది. అట్ట మీద మంటలు, వాటి ముందు నల్లని నీడలుగా ఒక గుమ్మటం, ఒక శిలువ. ఇలాంటి అట్టలు చూస్తే నాకు కోపం వస్తుంది. మొదటి పేజీ తెరవకముందే పాఠకుడి మనసులో తీర్పు రాసేస్తాయి. ఇక లోపల, మధ్యయుగంలో జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు ముస్లింల మీద చేసిన క్రూసేడ్ యుద్ధాల నుంచి నిన్నటి బాంబుదాడి వరకు ఒకే పగ తెగకుండా పారుతూ వచ్చిందన్నది వాదన. మాలో చాలామంది తలలూపారు. అంతవరకు నోరు విప్పని ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకురాలు సంచిలోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టారు. "ముందు ఈ గుమ్మం సంగతి తేల్చండి, వెయ్యేళ్ల పగ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

అది పవిత్ర సమాధి చర్చి ముఖద్వారం. యేసును సమాధి చేసిన చోటు అదేనని చాలామంది క్రైస్తవుల నమ్మకం. జంట ద్వారాల్లో కుడివైపుది రాళ్లతో మూసేసి ఉంది. దానికి పైన, కిటికీ కింద సన్నని అంచు మీద, ఒక చిన్న కొయ్య నిచ్చెన. 1728 నాటి చిత్రంలోనూ ఆ నిచ్చెన అక్కడే కనిపిస్తుందట. ఎందుకు తీయలేదు? ఆ చర్చిని గ్రీకు ఆర్థొడాక్స్, కాథలిక్, ఆర్మేనియన్, ఈజిప్టుకు చెందిన కోప్టిక్, సిరియన్, ఇథియోపియన్ శాఖలు పంచుకుంటాయి. 1757లో, మళ్లీ 1852లో అప్పట్లో జెరూసలేంను ఏలుతున్న ఒట్టోమన్ (తుర్కీ) సుల్తాను ఫర్మానాలు ఎక్కడిదక్కడే ఉండాలని కట్టడి చేశాయి. ఏ దీపం ఎవరు వెలిగించాలి, ఏ మెట్టు ఎవరు ఊడవాలి అన్నదాకా అన్నీ వాటాలే. ఇంతకూ తాళంచెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది, తలుపు తెరిచే హక్కు మరో ముస్లిం కుటుంబానిది. 1187లో ముస్లిం పాలకుడు సలాదిన్ క్రూసేడర్ల నుంచి నగరాన్ని గెలిచిన కాలం నుంచి వచ్చిన హక్కని వాళ్లు చెబుతారు.

ఇది ప్రేమకథ అనుకోకండి. 2002లో ఒక కోప్టిక్ సన్యాసి చర్చి పైకప్పు మీద తన కుర్చీని ఎండలోంచి నీడలోకి జరుపుకున్నారు. ఇథియోపియన్లు దాన్ని తమ హద్దు మీదికి రావడంగా చూశారు. కొట్లాట జరిగి 11 మంది ఆసుపత్రి పాలయ్యారు. 2008లో గ్రీకు, ఆర్మేనియన్ సన్యాసులు కలబడితే పోలీసులు వచ్చి విడదీశారు. అయినా చర్చి లోపల సమాధి మీద కట్టిన మందిరం కూలిపోయే స్థితికి వచ్చినప్పుడు మూడు పెద్ద శాఖలూ ఒప్పుకున్నాయి, 2017 నాటికి మరమ్మతు పూర్తయింది.

ఆ సాయంత్రం ఇక పుస్తకం మీద చర్చ సాగలేదు. నిచ్చెన గురించీ కుర్చీ గురించీ అడిగినవాళ్లే మళ్లీ మళ్లీ అడిగారు. నేను ఆ లావుపాటి పుస్తకం వెనక పదసూచిక తిరగేశాను. తాళంచెవి ఉన్న కుటుంబం పేరు లేదు, తలుపు తెరిచే కుటుంబం పేరూ లేదు. 1852 ఫర్మానా ఊసే లేదు. జెరూసలేం మీద పుస్తకం రాసి, ఆ గుమ్మం ఎలా తెరుచుకుంటుందో చెప్పని రచయితను నేను నమ్మను. మనుషులు కలిసి బతకడానికి చేసుకున్న ఏర్పాట్లు ఏమిటి, అవి ఎప్పుడు, ఎవరి చేతిలో చెడాయి? చరిత్ర పుస్తకం నాకు చెప్పవలసింది ఇదే.

పదసూచిక ప్రస్తావన వచ్చింది కాబట్టి అనువాదాల గురించి కూడా చెప్పాలి. మూలంలో ఉన్న సూచికను, ఆధారాలను అనువాదంలో ఎగరగొట్టేస్తున్నారు. కాగితం ఖర్చు అంటారు. మతం లాంటి విషయంలో ఆధారం తీసేసి వాదన మాత్రం అచ్చువేయడం పాఠకుడికి చేసే ద్రోహం.

అన్నదమ్ముల్లా బతికారు అని మురిపించే పుస్తకాలతోనూ నాకు పేచీ ఉంది. ముస్లింలు ఏలిన మధ్యయుగపు స్పెయిన్‌ను స్వర్గంగా చూపించేవాళ్లు 1066లో గ్రెనడాలో యూదులను ఊచకోత కోసిన సంగతిని ఒక వాక్యంతో దాటేస్తారు. కైరో పాత నగరంలోని బెన్ ఎజ్రా యూదు ప్రార్థనామందిరంలో లక్షల కొద్దీ పాత కాగితపు ముక్కలు దొరికాయి, వాటిలో వ్యాపారుల ఉత్తరాలున్నాయి. యూదు వర్తకుడు ముస్లిం వర్తకుడితో కలిసి సరుకు కొంటాడు. తనకు లాభమనుకుంటే దావా ముస్లిం న్యాయమూర్తి ఖాజీ దగ్గరికి తీసుకెళతాడు. ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను కట్టలేక వసూలుదారులకు కనబడకుండా దాక్కున్న పేదల గోడూ ఆ కాగితాల్లోనే ఉంది. రెండూ ఒకే చోట, ఒకే కాలంలో. ఇలాంటి కాగితాల మధ్య ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లు రాసింది చదవండి.

ఇక నేటి ఘర్షణలు. ఇక్కడ మతగ్రంథాల్లో కారణం వెతికే రచయితలే ఎక్కువ. లెబనాన్ తీసుకోండి. అక్కడ చివరిసారి అధికారికంగా జనాభా లెక్కలు తీసింది 1932లో. ఆ అంకెలను బట్టి 1943 ఒప్పందంలో, పార్లమెంటులో ప్రతి అయిదుగురు ముస్లిం సభ్యులకు ఆరుగురు క్రైస్తవ సభ్యులన్న వాటా కుదిరింది. జనాభా మారినా ఆ వాటా మారలేదు. 1975లో అంతర్యుద్ధం మొదలైంది. 1989లో ఆ యుద్ధాన్ని ముగించడానికి కుదిరిన తాయిఫ్ ఒప్పందం వాటాలను సమం చేసింది, లెక్కలు మాత్రం ఈనాటికీ మళ్లీ తీయలేదు. పాలస్తీనా శరణార్థులు, ఇరుగుపొరుగు దేశాల సైన్యాలు కూడా ఆ యుద్ధంలో ఉన్నాయి, నిజమే. నా దృష్టిలో మాత్రం ఆ జనాభా లెక్కే అసలు ముడి.

1923లో గ్రీసు, టర్కీ జనాభాను మార్చుకున్నప్పుడు కూడా ఎవరు ఎటు పోవాలో తేల్చింది స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కూర్చున్న దౌత్యవేత్తలే. అప్పటికే పారిపోయినవారితో కలిపి దాదాపు 12 లక్షల మంది ఆర్థొడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, సుమారు 4 లక్షల మంది ముస్లింలు టర్కీకి వెళ్లారు. టర్కిష్ తప్ప మరో భాష రాని క్రైస్తవులను గ్రీసుకు, గ్రీకు మాట్లాడే క్రీటు ముస్లింలను టర్కీకి పంపేశారు. ఇరుగుపొరుగును ఎవరైనా అడిగి ఉంటే చాలామంది కదిలేవారే కాదని నా నమ్మకం.

కాబట్టి దుకాణంలో పుస్తకం చేతికి రాగానే వెనక పేజీలు తిప్పండి. సూచికలో పన్నులు, న్యాయస్థానాలు, భూమి, జనాభా లెక్కలు ఉన్నాయా చూడండి. ప్రవక్తలు, చక్రవర్తులు తప్ప మరేమీ లేకపోతే తిరిగి పెట్టేయండి. రచయితకు అక్కడి భాష వచ్చా అన్నది రెండో పరీక్ష. అరబ్బీ రాకుండా లెబనాన్ మీద, టర్కిష్ రాకుండా ఒట్టోమన్ల మీద రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. యుద్ధం మొదలైన ఆరు నెలలకే బయటికి వచ్చిన పుస్తకాన్ని మాత్రం ఎవరు మెచ్చుకున్నా సరే, కొనకండి.