ఫోస్టర్ కేర్ తప్పిందని ఎలా చెప్పగలం? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను ఒక స్వచ్ఛంద సంస్థ కార్యవర్గ సభ్యురాలిని, వృత్తిరీత్యా ఆడిటర్‌ని. తల్లికి ఆపరేషన్ జరగడం, ఉన్నపళంగా ఇల్లు ఖాళీ చేయవలసి రావడం, తండ్రి మద్యం మాన్పించే చికిత్సలో చేరడం వంటి కష్టాలు వచ్చిన కుటుంబాలకు మా సంస్థ అండగా నిలుస్తుంది. శిశు సంక్షేమ శాఖ పిల్లలను ఫోస్టర్ కేర్‌కు, అంటే ప్రభుత్వం ఎంపిక చేసిన మరో కుటుంబానికి, తరలించే పరిస్థితి రాకుండా మా వాలంటీర్లు వారిని కొన్నాళ్లు తమ ఇంట్లో ఉంచుకుంటారు, లేదా ఆ ఇంటికే వెళ్లి సాయం చేస్తారు. పిల్లలపై చట్టపరమైన హక్కులన్నీ తల్లిదండ్రులకే ఉంటాయి. మా దగ్గరకు వచ్చిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా ఫోస్టర్ కేర్‌కు వెళ్లలేదని మా డైరెక్టర్ గారు నివేదిక తయారు చేశారు. నిధులిచ్చేవారు మాత్రం మూల్యాంకనం కావాలంటున్నారు, ఆ పని నాకు అప్పగించారు. ఈ అంకె సరిపోదా? సరిపోకపోతే నేను ఏమేమి చూడాలి?

జవాబు: సరిపోదండీ. మీ డైరెక్టర్ గారి లెక్క నిజమే కావచ్చు, అయినా దాని పక్కన ఉండవలసిన రెండో అంకె లేదు. మీ సంస్థే లేకపోతే ఆ పిల్లల్లో ఎందరు ఫోస్టర్ కేర్‌కు వెళ్లి ఉండేవారు? ప్రారంభ నిల్వ తెలియకుండా ముగింపు నిల్వ ఒక్కటే చూసి లాభం చెప్పలేమని ఆడిటర్‌గా మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ రంగం ఈ పాఠం చాలా ఖర్చు పెట్టి నేర్చుకుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, టకోమా నగరంలో 1974లో హోమ్‌బిల్డర్స్ అనే కార్యక్రమం మొదలైంది. పిల్లలను తరలించే ప్రమాదంలో ఉన్న కుటుంబానికి ఒక కార్యకర్త నాలుగు నుంచి ఆరు వారాల పాటు రాత్రీపగలూ అందుబాటులో ఉంటాడు, ఒకేసారి రెండు కుటుంబాలకు మించి చేపట్టడు. తొలి నివేదికల్లో అత్యధిక శాతం పిల్లలు ఇంట్లోనే మిగిలారని తేలడంతో ఈ పద్ధతి అనేక రాష్ట్రాలకు పాకింది. అయితే ఆ నివేదికల్లో చాలావాటికి పోలిక బృందం, అంటే ఈ సేవ అందని అటువంటి కుటుంబాల బృందం, లేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇదే తరహాలో నడిచిన ఫ్యామిలీస్ ఫస్ట్ కార్యక్రమాన్ని పరిశోధకులు మరో విధంగా పరీక్షించారు. పదిహేను వందలకు పైగా కుటుంబాలను లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విడదీసి, ఒక బృందానికి ఈ సేవ, రెండో బృందానికి మామూలుగా అందే సేవలు ఇచ్చారు. 1994లో వెలువడిన ఫలితాల ప్రకారం, పిల్లల తరలింపులో రెండు బృందాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆ తరువాత కెంటకీ, న్యూజెర్సీ, టెనసీ రాష్ట్రాల్లో సమాఖ్య ప్రభుత్వం చేయించిన అధ్యయనం కూడా 2002లో దాదాపు ఇదే మాట చెప్పింది.

కారణం అర్థమైతే మీ పని సగం తేలికవుతుంది. పిల్లలను రేపో మాపో తరలిస్తారన్న కుటుంబాలకే ఈ సేవ అని నిబంధన రాసుకున్నారు గానీ, ఆచరణలో వచ్చిన కుటుంబాల్లో చాలావాటికి ఆ ప్రమాదం అంత దగ్గరలో లేదు. సేవ అందని బృందంలోనూ చాలా కొద్దిమంది పిల్లలే ఇల్లు విడిచారు. జరగబోని దాన్ని ఆపడం ఏ కార్యక్రమానికీ సాధ్యం కాదు. ఇక్కడ ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. మూల పద్ధతిని నిష్ఠగా పాటించిన చోట్లను విడిగా చూస్తే ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వ విధాన పరిశోధన సంస్థ 2006లో తేల్చింది. 2018 నాటి ఫ్యామిలీ ఫస్ట్ చట్టం ప్రకారం నివారణ సేవలకు సమాఖ్య నిధులు ఇవ్వడానికి ఏర్పాటైన సమీక్షా వ్యవస్థ సైతం హోమ్‌బిల్డర్స్‌ను ఆధారాల విషయంలో అగ్రశ్రేణిలో ఉంచింది. కాబట్టి ఎవరికి ఇచ్చారు, ఎలా ఇచ్చారు అన్నవి తెలియకుండా పనిచేసిందనీ చెప్పలేము, చేయలేదనీ చెప్పలేము.

దీనికి ఎదురుగా ఇంగ్లండ్ ఉదాహరణ చూడండి. తల్లిదండ్రులతో పాటు తాతయ్యలు, మేనమామలు, పిన్నులు, ఆప్తులు అందరూ కూర్చుని బిడ్డ భద్రతకు తామే ప్రణాళిక వేసుకునే కుటుంబ సమావేశాల పద్ధతి ఒకటుంది. తమ దేశపు మూలవాసులైన మావోరీల సంప్రదాయం స్ఫూర్తితో న్యూజిలాండ్ 1989లో దీన్ని చట్టంలో చేర్చింది. ఇంగ్లండ్‌లో కేసు కోర్టుకు చేరడానికి ముందు మెట్టు మీద ఉన్న కుటుంబాలతో లాటరీ పద్ధతిలో పరీక్ష జరిపారు. 2023లో ప్రకటించిన ఫలితాల్లో, ఏడాది గడిచేసరికి సమావేశానికి పంపిన కుటుంబాల పిల్లల్లో 36.2 శాతం, పంపని కుటుంబాల పిల్లల్లో 44.8 శాతం ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లారు. ఆ రెండో అంకెను గమనించండి. ఏమీ చేయకపోతే దాదాపు సగం మంది వెళ్లిపోయే స్థితిలో ఉన్న కుటుంబాలను ఎంచుకున్నారు గనుకనే తేడా కంటికి కనిపించింది. మొదటి అంకెను ఒంటరిగా చూపితే, ఎవరైనా ఆ కార్యక్రమం మూడోవంతు కేసుల్లో విఫలమైందని కొట్టిపారేసేవారు. మీ సంస్థ తొంభై శాతం గొప్పగానూ, వారి అరవై నాలుగు శాతం పేలవంగానూ కనిపించడం, పోలిక లేని లెక్క చేసే మాయ తప్ప మరొకటి కాదు.

అందువల్ల మీరు మొదట గుమ్మం దగ్గర మొదలుపెట్టండి. ప్రతి కుటుంబాన్నీ మీ దగ్గరకు ఎవరు పంపారు, ఎందుకు పంపారు, మీరు కాదంటే తరువాతి అడుగు ఏమై ఉండేదో పంపిన అధికారి ఆ రోజే రాసిపెట్టాలి. ఫలితం తెలిశాక అడిగితే జ్ఞాపకం ఆ ఫలితం వైపే మొగ్గుతుంది. వచ్చిన కుటుంబాల్లో అద్దె కట్టలేనివి, తిండికి ఇబ్బంది పడుతున్నవి ఎన్ని ఉన్నాయో విడిగా లెక్కించండి. పేదరికం ఒక్కటే బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయడానికి కారణం కాకూడదని ఐక్యరాజ్యసమితి 2009 నాటి ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అటువంటి ఇంటికి వాలంటీర్ కుటుంబం కన్నా నేరుగా ఆర్థిక సాయమే తగిన మందు అయి ఉండవచ్చు.

పోలిక బృందం కోసం మీ వంటి చిన్న సంస్థ పెద్ద ప్రయోగం చేయనక్కరలేదు. ఉన్న చోట్ల కన్నా అడిగే కుటుంబాలు ఎక్కువైతే, అత్యవసరమైన వారిని ముందు తీసుకుని, మిగిలిన వారికి లాటరీ వేయడం సిఫారసుల కన్నా న్యాయమైన పద్ధతి. చోటు దొరకని కుటుంబాలు వాటంతటవే పోలిక బృందం అవుతాయి. వారికి మామూలు సేవలు అందకుండా పోకూడదన్నది ఇందులో తప్పనిసరి షరతు. అది కుదరకపోతే, అదే కాలంలో అదే రకమైన ఫిర్యాదుతో విచారణకు వచ్చి మీ దగ్గరకు రాని కుటుంబాల వివరాలను పేర్లు లేకుండా ఇవ్వమని శిశు సంక్షేమ శాఖతో ఒప్పందం చేసుకోండి. రెండు బృందాలనూ కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు గమనించాలి. మధ్యలో మానేసిన కుటుంబాలను లెక్కలోంచి తీసేయకండి. డైరెక్టర్లు మొహమాటం లేకుండా చేసే సవరణ ఇదే: వారం రోజులకే వెళ్లిపోయిన కుటుంబం మా సేవ పూర్తిగా పొందలేదు కదా అంటారు. కానీ కష్టమైన కుటుంబాలే ముందుగా వెళ్లిపోతాయి, వాటిని తీసేస్తే మిగిలేది మంచి ఫలితాల జాబితా మాత్రమే.

ఇక అసలైన చిక్కు. ఫోస్టర్ కేర్‌కు వెళ్లకపోవడమే విజయమా? బిడ్డ హింస జరిగే ఇంట్లోనే ఉండిపోయినా మీ డైరెక్టర్ గారి లెక్కలో అది విజయమే. ఈ విషయంలో పరిశోధనలూ ఒక్క మాట మీద లేవు. ఇల్లినాయ్‌లో ఆర్థికవేత్త జోసెఫ్ డోయిల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, తరలించాలా వద్దా అన్న అంచున ఉన్న కేసుల్లో, ముఖ్యంగా కాస్త పెద్ద పిల్లల విషయంలో, ఇంట్లో ఉండిపోయినవారే మెరుగ్గా ఉన్నారని తేలింది. మిషిగన్ రాష్ట్రం మీద మాక్స్ గ్రాస్, జేసన్ బారన్ చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో అదే అంచున ఉన్న పిల్లలకు తాత్కాలిక ఫోస్టర్ కేర్ మేలు చేసిందని తేలింది. వారి బడి హాజరు పెరిగింది, మళ్లీ హింసకు గురికావడం తగ్గింది. కాలం వేరు, రాష్ట్రం వేరు, ఇంట్లో మిగిలిన పిల్లలకు అందిన సాయమూ వేరు. ఏది మంచిదన్న జవాబు ఆ చోట ఉన్న రెండు దారుల నాణ్యతను బట్టి మారుతుంది గనుక, మీ మూల్యాంకనంలో పిల్లల భద్రత, ఆరోగ్యం, బడి హాజరు, తోబుట్టువులు కలిసి ఉన్నారా లేదా అన్నవి తరలింపు లెక్కతో సమానంగా ఉండాలి.

భద్రతకు కొలతగా మళ్లీ వచ్చిన ఫిర్యాదులను తీసుకోవడం రివాజు. అందులోనూ జాగ్రత్త అవసరం. మీ వాలంటీర్లు వారానికి రెండుసార్లు ఆ ఇంటికి వెళ్తుంటే, ఇతరులకు కనిపించనివి వారికి కనిపిస్తాయి, దానితో ఫిర్యాదులు పెరగవచ్చు. పెరిగింది హాని కాదు, చూసే కళ్లు. కాబట్టి ఫిర్యాదుల సంఖ్యతో పాటు విచారణలో నిజమని తేలినవి ఎన్ని, అందులో మీ వాలంటీర్లు చేసినవి ఎన్ని అని విడదీసి చూపండి.

ప్రశ్న: కొంతకాలం క్రితం నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇటువంటి కార్యక్రమం ద్వారానే నా ఇద్దరు పిల్లలు వేరే కుటుంబం దగ్గర ఉన్నారు. వాళ్లు మంచివాళ్లే. కానీ ఒప్పుకోకపోతే కేసు కోర్టుకు వెళుతుందని అధికారి అన్నారు గనుక నేను సంతకం పెట్టాను. పిల్లలు తిరిగి రావడానికి అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది. ఇప్పుడు ఆ కార్యక్రమం మీద అభిప్రాయం చెప్పమని అదే సంస్థ నుంచి ఒకావిడ ఫోన్ చేస్తున్నారు. నిజం చెప్పవచ్చా?

జవాబు: చెప్పవచ్చునమ్మా, చెప్పాలి కూడా, అయితే ముందుగా కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. మీరు చెప్పేది పేరుతో సహా ఎవరి దగ్గరకు వెళుతుంది? శిశు సంక్షేమ శాఖకు అందుతుందా? జవాబివ్వనంటే తరువాత సాయం ఆగిపోతుందా? వీటికి రాతపూర్వకంగా సమాధానం ఇవ్వలేని మూల్యాంకనానికి మీరు మాట్లాడనక్కరలేదు. సేవ అందించిన సంస్థ మనిషే ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే బాగానే ఉందన్న జవాబే వస్తుంది. అడిగేది బయటి మనుషులై ఉండాలి.

మీ ఉత్తరంలోని విషయం చిన్నది కాదు. తల్లిదండ్రులు ఇష్టపూర్వకంగా పిల్లలను పంపడం మీదే ఈ కార్యక్రమాల నైతికత అంతా ఆధారపడి ఉంది. కోర్టు పేరు చెప్పి తీసుకున్న సంతకాన్ని ఇష్టమని లెక్కించడం కష్టం. ఫోస్టర్ కేర్ కేసు కోర్టుకు వెళితే చాలా దేశాల్లో న్యాయవాది ఉంటారు, గడువులుంటాయి, న్యాయమూర్తి సమీక్ష ఉంటుంది. బయట జరిగే ఏర్పాటులో ఇవేవీ లేకపోవచ్చు. అందుకే అమెరికా న్యాయశాస్త్ర చర్చల్లో శాఖ ఒత్తిడితో కోర్టు బయట జరిగే ఇటువంటి ఏర్పాట్లను దాగిన ఫోస్టర్ కేర్ అని విమర్శిస్తారు. తరలింపుల పట్టికలో ఇవి కనిపించవు గనుక, పిల్లలు ఇల్లు విడిచి వెళ్లినా అంకెలు తగ్గినట్టే ఉంటాయి. మీరు మాట్లాడదలిస్తే సంతకం ముందు ఏం చెప్పారు, తిరిగి అప్పగించే తేదీ కాగితం మీద ఉందా, పిల్లలతో ఎన్నిసార్లు మాట్లాడనిచ్చారు, ఆలస్యానికి ఏ కారణం చెప్పారు అన్న నాలుగూ తప్పక చెప్పండి. పిల్లలకు మాట్లాడే వయసు వచ్చి ఉంటే వారినీ విడిగా అడగమని కోరండి. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కును 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక పిల్లలకు ఇచ్చింది.

ప్రశ్న: నేను ఇటువంటి ఒక సంస్థకు విరాళం ఇస్తుంటాను. ఒక్కో బిడ్డకు అయ్యే ఫోస్టర్ కేర్ ఖర్చును తాము సాయం చేసిన పిల్లల సంఖ్యతో గుణించి, అంత ప్రజాధనం ఆదా చేశామని వారు కరపత్రంలో రాశారు. నమ్మవచ్చా?

జవాబు: ఆ గుణకారంలో, వారు లేకపోతే ప్రతి బిడ్డా ఫోస్టర్ కేర్‌కే వెళ్లి ఉండేదన్న ఊహ దాగి ఉంది. గుణించవలసింది రెండు బృందాల మధ్య తేడాను. పైన చెప్పిన ఇంగ్లండ్ అంకెలతో చూస్తే, నూరు మందికి సాయం చేసినప్పుడు సుమారు తొమ్మిది మంది పిల్లల ఖర్చు మాత్రమే ఆదా కింద వస్తుంది, నూరు మందిదీ కాదు. అందులోంచి కార్యక్రమం ఖర్చు తీసివేయాలి. వాలంటీర్ల సమయానికి జీతం లేకపోయినా, వారి ఎంపిక, నేపథ్య తనిఖీ, శిక్షణ, పర్యవేక్షణ ఊరికే రావు. ఆదా లేదని తేలినంత మాత్రాన విరాళం ఆపవలసిన పనీ లేదు. ఆసుపత్రి నుంచి తల్లి వచ్చేదాకా బిడ్డను భద్రంగా చూసుకోవడానికే మీరు ఇస్తున్నట్టయితే, కరపత్రంలోంచి ఆ వాక్యం తీసేయమని ఒక ఉత్తరం రాసి, విరాళం కొనసాగించండి.