ముగ్గురు కలిసి రాసే వెబ్‌సైటు కోడ్‌ను ఎలా అమర్చుకోవాలి, ఎలా పంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. అమలాపురం, రావులపాలెం, పాలకొల్లుల్లో ఉంటున్న మీరు ముగ్గురు మిత్రులు కలిసి అంబాజీపేటలోని ఒక కొబ్బరి వ్యాపారికి పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే కోడ్ భాష), మైసీక్వెల్ (డేటాబేస్)లతో వెబ్‌సైటు తయారు చేస్తున్నారు. కోడ్‌ను జిప్ చేసి వాట్సాప్‌లో పంపుకుంటున్నారు. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’ అనే మూడు ఫోల్డర్లలో ఏది సరైనదో ఇప్పుడు ఎవరికీ తెలియడం లేదు కాబట్టి, అన్నింటినీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టేస్తే సరిపోతుందా అని అడిగారు. వ్యాపారి ఇచ్చిన ఫొటోలకూ ధరల పట్టికలకూ డ్రైవ్ సరిపోతుంది గానీ కోడ్‌కు సరిపోదు. కోడ్‌కు గిట్ వాడండి: ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రగా దాచి, అందరి మార్పులనూ కలిపే సాధనం అది. అయితే ఇప్పుడున్న ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు గిట్‌లోకి ఎక్కిస్తే ఈ గందరగోళమంతా అక్కడికి కూడా వస్తుంది. ఏది పంచుకోవాలో, ఏది పంచుకోకూడదో ముందు తేల్చుకుంటే ఫోల్డర్లు ఎలా ఉండాలో దాదాపు అదే చెబుతుంది.

నేను భీమవరంలో రొయ్యల మేత డీలర్లకు, హేచరీలకు, కడియం వైపు నర్సరీలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే చిన్న బృందంలో పనిచేస్తున్నాను. మా దగ్గర ఏ ప్రాజెక్టు మొదలైనా, అందులోకి వచ్చే ఫైళ్లను నాలుగు రకాలుగా చూస్తాం: మనం చేత్తో రాసినవి, కంప్యూటర్ తనంతట తాను తయారు చేసేవి, పాస్‌వర్డ్‌ల వంటి రహస్యాలు, ఖాతాదారు ఇచ్చిన మూల సామగ్రి. గిట్‌లోకి వెళ్లేది దాదాపుగా మొదటి రకం మాత్రమే. మీరు పంపుకుంటున్న జిప్ అంత బరువుగా ఉండటానికి కారణం చాలావరకు రెండో రకమే అయివుంటుంది. జావాస్క్రిప్ట్ లైబ్రరీలను, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్‌ను, ఎన్‌పీఎం అనే సాధనం దించిపెట్టే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను, పీహెచ్‌పీకి అదే పని చేసే కంపోజర్ తెచ్చిపెట్టే వెండర్ ఫోల్డర్‌ను ఎవరికీ పంపనవసరం లేదు. ఏయే లైబ్రరీలు కావాలో ప్యాకేజ్ డాట్ జేసన్, కంపోజర్ డాట్ జేసన్ చెబుతాయి. వాటిలో కచ్చితంగా ఏ వెర్షన్లు కావాలో వాటి పక్కనుండే లాక్ ఫైళ్లు చెబుతాయి. ఈ నాలుగు ఫైళ్లు గిట్‌లో ఉంటే, అవతలి మనిషి తన కంప్యూటర్‌లో ఎన్‌పీఎంకు ఒకటి, కంపోజర్‌కు ఒకటి చొప్పున రెండే ఆదేశాలతో మిగతాదంతా రప్పించుకుంటాడు. లాక్ ఫైలును అనవసరమనుకుని తీసేసేవాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని తీసేస్తే మీ ముగ్గురి కంప్యూటర్లలో మూడు వేర్వేరు వెర్షన్లు దిగవచ్చు, ‘నా దగ్గర పనిచేస్తోందే’ అనే వాదన అక్కడే పుడుతుంది. ఎన్‌పీఎంలో ‘ఇన్‌స్టాల్’ బదులు ‘సీఐ’ అనే ఆదేశం వాడితే, లాక్ ఫైలులో ఉన్నది ఉన్నట్టే దిగుతుంది. ప్యాకేజ్ డాట్ జేసన్‌తో తేడా ఉంటే దించకుండా ఆగిపోయి చెబుతుంది.

సాస్ (సీఎస్ఎస్‌ను సులువుగా రాసుకునే భాష) నుంచి తయారైన సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే ఫైలు), ఖాళీలు తీసేసి కుదించిన జావాస్క్రిప్ట్ కూడా ఈ రెండో రకంలోనివే. వీటిని గిట్‌లో పెట్టకూడదని నేను పట్టుబట్టడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. గిట్ రెండు మార్పులను వరుసల వారీగా పోల్చి కలుపుతుంది. ఒకే ఫైలులో మీరు పైభాగాన్ని, మీ మిత్రుడు కిందిభాగాన్ని మారిస్తే రెండింటినీ తానే కలిపేసుకుంటుంది. ఒకే వరుసను ఇద్దరూ మారిస్తే మాత్రం ఆగి మిమ్మల్ని అడుగుతుంది. కుదించిన ఫైలులో కోడ్ అంతా దాదాపు ఒకే వరుసగా ఉంటుంది కాబట్టి, ఇద్దరు ఏమాత్రం ముట్టుకున్నా ప్రతిసారీ తగవే.

ఇక చేత్తో రాసే ఫైళ్ల అమరిక. సొంత కంప్యూటర్‌లోనే సైటు నడిపి చూసుకునే ఎక్స్‌ఏఎంపీపీలోని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో అన్నీ కుమ్మరించడం మన దగ్గర అందరికీ అలవాటే, కళాశాల ప్రాజెక్టుల నుంచి వచ్చిన అలవాటు. దాని బదులు ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘పబ్లిక్’ అని ఒకటి పెట్టి, బ్రౌజర్‌కు నేరుగా అందాల్సినవి మాత్రమే, అంటే ఇండెక్స్ ఫైలు, తయారైన సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, సైటులో కనిపించే బొమ్మలు, దానిలో ఉంచండి. పీహెచ్‌పీ తర్కం ఒక ఫోల్డర్‌లో, పేజీల టెంప్లేట్లు (అచ్చులు) మరో ఫోల్డర్‌లో, సాస్ మూలాలు ఇంకో ఫోల్డర్‌లో, ఇవన్నీ పబ్లిక్‌కు బయటే ఉండాలి. షేర్డ్ హోస్టింగ్ (పలు సైట్లు ఒకే సర్వర్‌ను పంచుకునే పద్ధతి) తీసుకున్నా ‘పబ్లిక్ హెచ్‌టీఎంఎల్’ అనే ఫోల్డర్‌కు ఒక మెట్టు పైన ఫైళ్లు పెట్టుకునే వీలు సాధారణంగా ఉంటుంది కనుక, ఈ అమరిక అక్కడ కూడా చెల్లుతుంది. ఏ కారణం చేతనైనా సర్వర్‌లో పీహెచ్‌పీ ఆగిపోతే, పబ్లిక్ లోపలి పీహెచ్‌పీ ఫైళ్లు మామూలు అక్షరాలుగా బయటపడే ప్రమాదం ఉంటుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు వాటిలో ఉండకూడదు.

పేజీ పైభాగం, కిందిభాగం, మెనూ వంటివి ప్రతి పేజీలోనూ అతికించకుండా ఒక్కొక్క ఫైలుగా రాసి, పీహెచ్‌పీ వారి ‘ఇన్‌క్లూడ్’ ఆదేశం ద్వారా తెచ్చుకోండి. సీఎస్ఎస్‌ను కూడా ఒకే పొడవాటి ఫైలుగా పెంచకండి: సరుకు వివరాల పెట్టెకు ఒకటి, ఆర్డరు ఫారానికి ఒకటి, మెనూకు ఒకటి. ఇది అందం కోసం చెబుతున్న మాట కాదు. మన డెల్టాలో పైచేను నిండి పొర్లితేగానీ కిందిచేనుకు నీరు అందని చోట ఎన్ని తగాదాలో మీకు తెలుసు. చేనుకో బోదె (పిల్ల కాలువ) ఉన్నచోట ఆ పేచీ తగ్గుతుంది. ఎవరి పని వాళ్ల ఫైలులో సాగేలా కోడ్‌ను విడదీస్తే, కలిపే సమయంలో తగవులు దాదాపు ఉండవు. అయితే విడదీసిన సీఎస్ఎస్ ఫైళ్లను సీఎస్ఎస్ వారి ‘ఇంపోర్ట్’తో బ్రౌజర్ వరకూ తీసుకెళ్లకండి, ఒక ఫైలు దిగాకగానీ రెండోది కావాలని బ్రౌజర్‌కు తెలియదు కాబట్టి, ఊళ్లో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు పేజీ నింపాదిగా తెరుచుకుంటుంది. సాస్ చేత ఒకే ఫైలుగా తయారు చేయించండి.

పేర్ల విషయంలో నాకు కొంచెం చాదస్తం ఉంది, దానికి కారణం ఒక నర్సరీ సైటు. మొక్కల ఫొటోలు కొన్నింటి పేర్ల చివర ‘జేపీజీ’ పెద్ద అక్షరాల్లో, కోడ్‌లో చిన్న అక్షరాల్లో ఉన్నాయి. మా విండోస్ కంప్యూటర్లలో రెండూ ఒకటే కాబట్టి అన్నీ కనిపించాయి. లినక్స్ సర్వర్‌కు ఎక్కించగానే సగం మొక్కలు మాయమయ్యాయి. లినక్స్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. అందువల్ల ఫైళ్ల పేర్లన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, పదాల మధ్య ఖాళీకి బదులు అడ్డగీతతో పెట్టుకోండి. ఇప్పటికే గిట్‌లో ఉన్న ఫైలు పేరులో పెద్ద అక్షరాన్ని చిన్న అక్షరంగా మార్చాలంటే విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో మార్చడం చాలదు, గిట్ దాన్ని గమనించకపోవచ్చు. గిట్ వారి ‘ఎంవీ’ ఆదేశం వాడండి.

ఫొటోల గురించి ఇంకో మాట. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, అసలు పేరు కూడా పోయి తేదీతో కూడిన ఒక పొడి పేరు వస్తుంది. అప్పుడది కురిడీ కొబ్బరో, పచ్చికాయో, కొబ్బరి పీచో తెరిచి చూస్తేగానీ తెలియదు. వ్యాపారిని డ్రైవ్‌లోనే పెట్టమనండి, లేదా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఆ మూల ఫొటోలు డ్రైవ్‌లోనే ఉంటాయి. వెబ్‌కు తగ్గట్టు చిన్నవి చేసిన ప్రతులు మాత్రమే గిట్‌లోకి వస్తాయి. గిట్ ప్రాజెక్టులను నెట్‌లో ఉంచి పంచుకునే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును అసలు తీసుకోదు, 50 ఎంబీ దాటితే హెచ్చరిస్తుంది. ఒకసారి చేర్చిన పెద్ద ఫైలును తర్వాత తీసేసినా చరిత్రలో దాని బరువు అలాగే మిగిలిపోతుంది.

తెలుగు పాఠ్యం ఉన్న సైటు కాబట్టి ఇది కూడా చూసుకోండి. ఫైళ్లన్నీ అన్ని భాషల అక్షరాలనూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలోనే భద్రపరచాలి. పేజీ తల భాగంలో ఆ సంగతి తెలిపే మెటా ట్యాగ్ మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. డేటాబేస్‌కు యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకోవాలి. మైసీక్వెల్‌లో మామూలు యూటీఎఫ్8 అని పిలిచేది అక్షరానికి మూడు బైట్ల వరకే పట్టుకుంటుంది. తెలుగు అక్షరాలు అందులో ఇముడుతాయి గానీ, ఎవరైనా అభిప్రాయంతో పాటు ఒక ఎమోజీ పెడితే ఇమడదు. ప్రింటింగ్ ప్రెస్ నుంచి కరపత్రం పాఠ్యం యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో వస్తే, దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి చదివి సరిచూసి, ఆ తర్వాతే ప్రాజెక్టులోకి రానివ్వండి.

అందరూ మరిచిపోయేది డేటాబేస్. ఒకరు తన కంప్యూటర్‌లో డేటాబేస్‌ను బ్రౌజర్‌లోంచి దిద్దే పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిచి సరుకుల పట్టికలో ‘గ్రేడు’ అనే నిలువు వరుస చేరుస్తారు, దానికి తగ్గ కోడ్‌ను గిట్‌లో పెడతారు. మిగతా ఇద్దరికీ కోడ్ వస్తుంది, నిలువు వరుస రాదు. కోడ్ పంచుకోవడమంటే పట్టికల నిర్మాణాన్ని కూడా పంచుకోవడమే. మేము ‘డేటాబేస్’ అనే ఫోల్డర్ పెట్టి, ప్రతి మార్పునూ అంకె వేసిన ఒక చిన్న ఎస్‌క్యూఎల్ ఫైలుగా రాస్తాం: 001లో పట్టికల సృష్టి, 002లో గ్రేడు చేర్పు, అలా. ఒకసారి పంచుకున్న ఫైలును మళ్లీ దిద్దం, కొత్త అంకెతో కొత్తది రాస్తాం. పరీక్షించుకోవడానికి కల్పిత సరుకులతో ఒక నమూనా ఫైలు కూడా ఉంటుంది. వ్యాపారి అసలు ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న డేటా మాత్రం గిట్‌లోకి ఎప్పటికీ రాకూడదు.

రహస్యాలను డాట్ ఎన్వ్ అనే ఫైలులో ఉంచి, ఆ పేరును, నోడ్ మాడ్యూల్స్, వెండర్ పేర్లను గిట్ పట్టించుకోకూడని వాటి జాబితా అయిన డాట్ గిట్‌ఇగ్నోర్‌లో మొట్టమొదటి కమిట్‌కు (మార్పులను గిట్ చరిత్రలో నమోదు చేయడానికి) ముందే రాయండి. ముందే అనడంలో అర్థముంది: గిట్ ఇప్పటికే గమనిస్తున్న ఫైలుపై ఆ జాబితా పనిచేయదు. విలువలు లేకుండా పేర్లు మాత్రమే ఉన్న నమూనా ఎన్వ్ ఫైలును పంచుకుంటే, కొత్తగా చేరినవాళ్లకు ఏమేం నింపాలో తెలుస్తుంది. పాస్‌వర్డ్ పొరపాటున గిట్‌హబ్‌కు వెళ్లిపోతే తర్వాతి కమిట్‌లో చెరిపేయడం వల్ల లాభం లేదు, పాత కమిట్‌లో అది ఉంటుంది. వెంటనే ఆ పాస్‌వర్డే మార్చేయాలి.

గిట్‌ను 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ పని కోసం రాశారు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు ఒకరినొకరు ఆపకుండా పనిచేయడానికి పుట్టిన సాధనం కావడంతో ప్రతి ఒక్కరి దగ్గరా పూర్తి చరిత్ర ఉంటుంది. తుఫాను రోజుల్లో కోనసీమలో కరెంటు, నెట్ రెండూ పోయినా, ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉన్నంతసేపు కమిట్లు చేసుకోవచ్చు. మరీ అవసరమైతే గిట్ వారి ‘బండిల్’ ఆదేశంతో చరిత్రనంతా ఒకే ఫైలుగా చేసి పెన్ డ్రైవ్‌లో మిత్రుడికి ఇవ్వవచ్చు. అతను దానినుంచే మార్పులు లాక్కోగలడు. గిట్‌హబ్‌లో 2020 నుంచి ప్రైవేటు రిపాజిటరీకి (బయటివాళ్లకు కనబడని ప్రాజెక్టు నిల్వకు) ఎంతమందిని చేర్చుకున్నా డబ్బు కట్టనక్కరలేదు. 2021 ఆగస్టు నుంచి గిట్ ఆదేశాలకు అక్కడ మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, గిట్‌హబ్ ఇచ్చే టోకెన్ గానీ మీ కంప్యూటర్‌లో తయారు చేసుకునే ఎస్‌ఎస్‌హెచ్ తాళం గానీ కావాలి. కొత్తవాళ్లు మొదటిరోజు ఆగిపోయేది సాధారణంగా ఇక్కడే.

ముగ్గురికి భారీ బ్రాంచి పద్ధతులు అక్కర్లేదు. బ్రాంచి అంటే అసలు కోడ్‌ను కదపకుండా పక్కన సాగించే మార్పుల పాయ. మెయిన్ అనే బ్రాంచి ఎప్పుడూ పనిచేసే స్థితిలో ఉండాలి. ఒక్కో పనికి ఒక చిన్న బ్రాంచి తీసి, రెండు మూడు రోజుల్లో కలిపేయాలి. వారాల తరబడి విడిగా ఉంచిన బ్రాంచిని కలపడం కన్నా ఆ పని మళ్లీ చేయడం సులువనిపిస్తుంది. ఎడిటర్ ఖాళీలను, ఇండెంటేషన్‌ను తనంతట తాను సర్దే అమరిక ముగ్గురి దగ్గరా ఒకేలా ఉండాలి, లేకపోతే ఒక్క అక్షరం దిద్దినా ఫైలంతా మారినట్టు కనిపిస్తుంది. దానికి డాట్ ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు, వరుసల ముగింపులకు డాట్ గిట్‌అట్రిబ్యూట్స్ ఫైలు పెట్టుకోండి.

సర్వర్‌లోని ఫైలును హోస్టింగ్‌ను నడిపే సీప్యానెల్ పేజీలో తెరిచి అక్కడికక్కడే దిద్దడం మానేయండి. అలా దిద్దిన ధర సర్వర్‌లో మాత్రమే ఉంటుంది, తర్వాత ఎవరో తమ దగ్గరి పాత ఫైలు ఎక్కిస్తే అది పోతుంది. ఎక్కించే బాధ్యత ఒకరికే ఇచ్చి, ఎప్పుడూ మెయిన్ నుంచే ఎక్కించమనండి. ఎక్కించేటప్పుడు గిట్ తన చరిత్ర దాచుకునే డాట్ గిట్ ఫోల్డర్ పబ్లిక్‌లోకి వెళ్లకుండా చూసుకోవాలి, వెళ్తే చరిత్రంతా ఎవరైనా దించుకోగలరు.

మీలో పాఠ్యం మాత్రమే రాసే మిత్రుడికి గిట్ ఆదేశాలు కొరుకుడు పడటం లేదన్నారు. ఆయన్ను బలవంతపెట్టకండి. తెలుగు వాక్యాలన్నింటినీ టెంప్లేట్ల నుంచి తీసి ఒక విడి ఫైలులో పెడితే, ఆయన గిట్‌హబ్ వెబ్ పేజీలోనే పెన్సిల్ గుర్తు నొక్కి దిద్దుకోగలరు. ఆ మార్పు ఆయన పేరుతోనే నమోదవుతుంది, మీ ఇద్దరికీ తర్వాతి పుల్‌లో (గిట్‌హబ్ నుంచి కొత్త మార్పులు తెచ్చుకున్నప్పుడు) వచ్చేస్తుంది.