నిట్, పర్ల్ సరే. ‘మళ్ళీ’, ‘వరకు’ సంగతేమిటి?

సందేహం: నెలల పాపలకు పనికొచ్చే ఊలు రగ్గు ఒకటి సొంతంగా రూపొందించాను. అల్లే పద్ధతిని తెలుగులో రాసి, ఇక్కడ కుట్లు, అల్లికలు నేర్చుకుంటున్నవాళ్ళకీ అమెరికాలో ఉన్న మా చెల్లెలి స్నేహితురాళ్ళకీ పంపాలని ఉంది. నిట్, పర్ల్ (ఊలు అల్లికలో రెండు మూల కుట్లు), స్టిచ్, కాస్ట్ ఆన్ లాంటివాటికి మంచి తెలుగు మాటలు చెప్పగలరా? దీన్ని దుప్పటి అనాలా, కంబళి అనాలా? ‘నేసిన’ అంటే తప్పా? నేను రాసుకున్నదాంట్లో ఒక వాక్యం పంపుతున్నాను, దోషాలుంటే దిద్దండి: “కుడివైపు: రెండు పక్కలా 5 కుట్లు నిట్ చేసి, మధ్యలో 5 నిట్ 5 పర్ల్ మళ్ళీ 12 సార్లు చేసి, 6వ వరుస వరకు ఇలాగే అల్లి, తర్వాత తారుమారు చేయబడును.” మొత్తం కుట్లు 135.
– ఒక పాఠకురాలు, మదనపల్లె

సమాధానం: మీరు అడిగిన నాలుగు మాటల వల్ల వచ్చే ఇబ్బంది తక్కువే. అడగకుండా వదిలేసిన ‘మళ్ళీ’, ‘వరకు’, ‘కుడివైపు’ మాత్రం రగ్గును పాడుచేసేటట్టున్నాయి. అయినా ముందు అడిగినవాటికే చెప్తాను.

‘నేసిన’ వద్దు. నేతకు మగ్గం, పడుగు, పేక ఉండాలి. ఒకే దారాన్ని ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ పోయే ఈ పనికి అవేవీ అక్కర్లేదు. జడైనా బుట్టైనా చాపైనా చేత్తో పెనవేసేదాన్ని తెలుగు ‘అల్లడం’ అంటుంది. పేరులోనే సాలెవృత్తి ఉన్న సాలీడు కూడా మన మాటల్లో గూడు ‘అల్లుతుంది’. అయితే ఉత్తి ‘అల్లిక’ చాలదు. నరసాపురం ప్రాంతంలో ఆ మాటకు ముందు గుర్తొచ్చేది కొక్కెం సూదితో చేసే లేసు, అంటే క్రోషే. అందుకని మీ కాగితం మొదటి పంక్తిలోనే ‘రెండు సూదుల ఊలు అల్లిక’ అని రాయండి.

దుప్పటి అంటే నూలుది, పల్చనిది అన్న భావం ఇప్పటికీ గట్టిగానే ఉంది. కంబళి ఉన్నిదే కానీ నేసినది. తెలంగాణ గొంగడి అయితే నల్లగొర్రె ఉన్నితో గుంట మగ్గం మీద నేసేది, దాని దారి వేరు. మీరు వాడిన ‘రగ్గు’ ఇంట్లో అందరూ అనేదే, దాన్ని మార్చకండి. ‘ఊలు’ దగ్గర మాత్రం ఒక మాట. ఇంగ్లీషు నుంచి వచ్చిన ఈ మాట ఇప్పుడు గొర్రె బొచ్చుకు కాక అల్లిక దారానికంతటికీ పేరైంది. కొట్లో ఊలు ఉండలు అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది అక్రిలిక్. అసలు ఉన్ని వేడినీళ్ళలో ముడుచుకుపోయి గట్టిపడుతుంది. అక్రిలిక్‌ను వేడి ఇస్త్రీపెట్టెతో రుద్దితే చదునై వేలాడిపోతుంది, ఇక కోలుకోదు. పసిపిల్లల రగ్గును ఎలాగూ తరచుగా ఉతుకుతారు కాబట్టి ‘అక్రిలిక్ ఊలు’ అనో ‘ఉన్ని ఊలు’ అనో తేల్చి రాయాలి.

నిట్, పర్ల్ అన్నవాటిని అలాగే ఉంచండి. హిందీవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు సీదా, ఉల్టా అంటారు, అదీ తప్పు కాదు. కొత్తగా ‘అనులోమం, విలోమం’ అని పెడితే చదివేవాళ్ళు ముందు నిఘంటువు పట్టుకుని, తర్వాత సూదులు పట్టుకోవాలి. స్టిచ్‌కి ‘కుట్టు’ చాలు. గుడ్డను పొడిచి దారం తీయడమే కుట్టు కదా అని శబ్దశుద్ధివాదులు ఆక్షేపించవచ్చు. కానీ ‘ఎన్ని కుట్లు ఎక్కించావు?’ అంటే సూదులు పట్టినవాళ్ళెవరూ పొరబడరు. చివర్లో దారం కొసను పెద్ద సూదితో లోపలికి పంపే పనికి మాత్రం ‘కుట్టండి’ అనకండి, ‘కొస దోపండి’ అనండి. ఒకే కాగితంలో ఒక మాటకు రెండు పనులు అప్పగించకూడదు.

కాస్ట్ ఆన్ అంటే కుట్లు ఎక్కించడం. దానికి ఎదురుగా, చివరి వరుస ఊడకుండా ముగించే కాస్ట్ ఆఫ్‌ను ‘కుట్లు దించడం’ అనాలనిపిస్తుంది, కానీ అక్కడే ప్రమాదం. ‘దించండి’ అని చదివి సూది సర్రున లాగేస్తే పై వరుస మొత్తం ఊడుతుంది. ‘కుట్లు మూసేయండి’ అని రాసి, పక్కనే పద్ధతి చెప్పండి: 2 నిట్ వేసి, మొదటి కుట్టును ఎత్తి రెండోదాని మీదుగా దాటించండి, ఇంకో నిట్ వేసి మళ్ళీ దాటించండి. మీ రగ్గులో లేకపోయినా, ఇంగ్లీషులో ‘స్లిప్’ అనేదాన్ని ‘జార్చండి’ అని రాసేవాళ్ళున్నారు. జారిన కుట్టు కింద వరుసల దాకా నిచ్చెనలా విప్పుకుపోతుంది. ‘అల్లకుండా పక్క సూదికి మార్చండి’ అంటే ఆ గొడవ ఉండదు.

ఇక మీ వాక్యం. ‘కుడివైపు’ అన్నది ఇంగ్లీషు ‘రైట్ సైడ్’కు మక్కీకి మక్కీ. అక్కడ ‘రైట్’ కుడి కాదు, గుడ్డకు పైకి కనిపించే ముఖం. తెలుగులో చదివినవాళ్ళు రగ్గు కుడి అంచు గురించి చెప్తున్నారనుకుంటారు. ‘పైవైపు’ అంటే పై అంచు అనుకోవచ్చు. ‘ముందువైపు, వెనకవైపు’ అనండి. అలా అన్నాక దారం గురించి ‘ముందుకు తెచ్చి’ అనకూడదు, అది ఏ ముందో తెలియదు. ‘దారం మీవైపుకు తెచ్చి పర్ల్ వేయండి, అవతలివైపుకు పంపి నిట్ వేయండి’ అనాలి. అదీ ఎటునుంచి అన్నది ముఖ్యం. ‘రెండు సూదుల మధ్య నుంచి’ తెస్తే కుట్ల లెక్క మారదు. ‘సూది మీదుగా’ తెస్తే చిన్న కన్నం పడి, 135 కుట్లు 136 అవుతాయి. ‘మధ్య నుంచి’కీ ‘మీదుగా’కీ ఉన్న తేడా అంతా అదే.

‘రెండు పక్కలా 5 కుట్లు’ అంటే మొత్తం అయిదా, ఒక్కో పక్కకూ అయిదా? ఇలాంటి చోట వాడడానికే తెలుగులో ‘ఏసి’ ఉంది: ‘రెండు పక్కలా ఐదేసి కుట్లు’. ఈ చిన్న ప్రత్యయం చేసే పనికి ఇంగ్లీషులో విడిగా ఒక మాట కావాలి. వాడుకోండి.

‘మళ్ళీ 12 సార్లు’ అన్నది మరీ గడుసు తప్పు. ఒకసారి అల్లాక ఇంకో 12 అనుకుంటే మొత్తం 13 సార్లు, అంటే 130 కుట్లు. మొదటి అంచు 5 కలిపితే సరిగ్గా 135! లెక్క కుదిరింది కాబట్టి అల్లేవాళ్ళకు అనుమానమే రాదు. కానీ చివరి అంచుకు కుట్లు మిగలవు, అంచు ఉండాల్సిన చోట 5 పర్ల్ పడతాయి. మీ ఉద్దేశం 12 సార్లకు 120, ఎదురు పక్క కూడా నిట్ గడితోనే ముగియడానికి ఇంకో 5, అంచులకు ఐదేసి చొప్పున 10. గడి కోసం వేసే ఆ 5 కుట్ల ప్రస్తావన మీ వాక్యంలో లేనే లేదు. ‘మళ్ళీ’, ‘రిపీట్’ రెండూ తీసేసి ‘మొత్తం 12 సార్లు’ అని రాయండి.

‘6వ వరుస వరకు’ అంటే ఆరోది కలిసిందా లేదా? ‘సోమవారం వరకు సెలవు’ అన్నప్పుడు వచ్చే తగాదాయే ఇది. ఒకరు 5 వరుసలకే గడి మారుస్తారు, ఇంకొకరు ఆరుకు. ‘1 నుంచి 6 వరుసలు’ అని రాసి, ‘6వ వరుస పూర్తయ్యాక’ అని మొదలుపెట్టండి. ‘చేసి, అల్లి’ అన్న అసమాపక క్రియల గొలుసూ తెగాలి. కథలో అందంగా ఉండే ఆ గొలుసు సూచనల్లో ఏ పని ఎక్కడ ముగిసిందో చెప్పదు. ‘చేయబడును’ వద్దు, ఎవరు చేస్తారో తెలియని వాక్యమది. మొదటినుంచి చివరిదాకా ‘వేయండి’ అనే రాయండి. ఒకచోట ‘వేయాలి’, ఒకచోట ‘వేయవలెను’ కలపకండి.

సంక్షిప్తాల విషయంలో ఇంగ్లీషు వరుసను అనుకరించి ‘ని10’ అని రాయకండి. చిన్న అక్షరాల్లో ఆ సున్న అనుస్వారంలా కనబడుతుంది. తెలుగులో సంఖ్య ఎలాగూ ముందే వస్తుంది: ‘10 నిట్’. అన్నీ దిద్దితే మీ పద్ధతి ఇలా ఉంటుంది. ప్రతిసారీ చెప్పడం దేనికని రెండు వరుసలకు పేర్లు పెట్టాను. ‘అ’, ‘ఆ’ అని పెడితే కళ్ళు మోసపోతాయి, అందుకే ‘క’, ‘చ’.

క వరుస: 5 నిట్, (5 నిట్, 5 పర్ల్) మొత్తం 12 సార్లు, 5 నిట్, అంచుకు 5 నిట్.
చ వరుస: 5 నిట్, (5 పర్ల్, 5 నిట్) మొత్తం 12 సార్లు, 5 పర్ల్, అంచుకు 5 నిట్.

135 కుట్లు ఎక్కించి, కింది అంచుకు 8 వరుసలు అన్నీ నిట్ వేయండి. ఇక్కణ్ణించి లెక్క ఒకటితో మొదలు. 1, 3, 5 క వరుసలు, ముందువైపు. 2, 4, 6 చ వరుసలు, వెనకవైపు. 6వ వరుస పూర్తయ్యాక 7, 9, 11 చ వరుసలు. 8, 10, 12 క వరుసలు. మీరు ‘తారుమారు’ అన్నది ఇదే. 1 నుంచి 12 వరుసలు మొత్తం 18 సార్లు అల్లి, ఆ తర్వాత 1 నుంచి 6 వరుసలు ఒక్కసారి అల్లండి. ఈ చివరి ఆరూ వదిలేస్తే కింద ఒక రకం గడి, పైన ఇంకో రకం గడి వచ్చి రగ్గు తలకిందులైనట్టు కనిపిస్తుంది. పై అంచుకు 8 వరుసలు నిట్ వేసి మూసేయండి. మొత్తం 238 వరుసలు.

వెడల్పు పెంచుకునేవాళ్ళ కోసం ‘10 గుణిజం + 15’ అని పాఠ్యపుస్తకంలా రాయక్కర్లేదు. ‘పదేసి కుట్ల చొప్పున పెంచుకోండి: 145, 155, పది పెరిగినప్పుడల్లా 12 సార్లను ఒకటి పెంచండి’ అంటే అందరికీ అందుతుంది.

కొలతల దగ్గర ‘టెన్షన్ 18’ అని రాస్తే మన పాఠకులు అల్లేవాళ్ళ రక్తపోటు అనుకుంటారు. ‘బిగువు’ అనండి: 10 సెం.మీ. వెడల్పుకు 18 కుట్లు, 10 సెం.మీ. ఎత్తుకు 26 వరుసలు. కొలత కోసం ముందుగా ఒక నమూనా ముక్క 15 సెం.మీ.కు తగ్గకుండా అల్లి, ఉతికి ఆరబెట్టి, అంచులు వదిలి మధ్యలో కొలవాలి. ఈ బిగువుకు 135 కుట్లు 75 సెం.మీ. వస్తాయి. 18 బదులు 20 వచ్చేంత బిగించేవాళ్ళకు 67.5 సెం.మీ. దగ్గరే ఆగిపోతుంది, వాళ్ళు కుట్లు పెంచేకన్నా లావు సూది తీసుకోవడం మేలు. అదే ముక్కను తూస్తే ఊలు లెక్క కూడా తేలుతుంది. 15 × 15 సెం.మీ. ముక్క 15 గ్రాములుంటే, 75 × 90 సెం.మీ. రగ్గుకు దానికి 30 రెట్లు, 450 గ్రాములు. జాగ్రత్తకు పదో వంతు కలిపి 500 గ్రాములు, అన్నీ ఒకే రంగు లాటువి, అంటే ఒకేసారి రంగు వేసినవి.

సూదికి ‘6 నెంబరు’ అని రాశారేమో చూసుకోండి. పాత బ్రిటిష్ లెక్కలో 6 అంటే 5 మి.మీ., 8 అంటే 4 మి.మీ. అమెరికా లెక్క సరిగ్గా తిరగబడుతుంది: 6 అంటే 4 మి.మీ., 8 అంటే 5 మి.మీ. మీ చెల్లెలి స్నేహితురాళ్ళు అక్కడి కొట్లో 6 నెంబరు కొంటే మదనపల్లె రగ్గు అక్కడ బొమ్మ రగ్గవుతుంది. నెంబరు తీసేసి ‘5 మి.మీ.’ అని రాయండి. 135 కుట్లు మామూలు సూదిమీద ఇరుగ్గా ఉంటాయి కాబట్టి 80 సెం.మీ. సర్క్యులర్ సూది (తీగతో కలిపిన రెండు సూదులు) చెప్పడం మంచిదే. అప్పుడు ‘గుండ్రంగా అల్లండి’ అన్న మాట ఎక్కడా రాకూడదు. అలా అల్లితే రగ్గు కాదు, గొట్టం వస్తుంది. ‘ఒక్కో వరుస అయ్యాక తిప్పి, వెనక్కి అల్లండి’ అనాలి.

గళ్ళ పటం కూడా గీసి ఇస్తానంటే, దాన్ని కింది నుంచి పైకి చదవాలని, ముందువైపు వరుసలు కుడి నుంచి ఎడమకు, వెనకవైపువి ఎడమ నుంచి కుడికి అని రాయక తప్పదు. తెలుగు చదివే కన్ను దానంతట అది పై ఎడమ మూల నుంచే మొదలుపెడుతుంది. గడిలో గుర్తు ముందువైపు ఎలా కనిపిస్తుందో చూపుతుంది కనక, వెనకవైపు వరుసల్లో నిట్ గుర్తున్నచోట పర్ల్ వేయాలని కూడా చెప్పండి.

చివరగా మీ పేరు కింద ఏం రాసుకోవాలన్నది. ‘కనిపెట్టినది’ అనకండి; నిట్, పర్ల్ గడులు మార్చి అల్లే ఈ బుట్ట అల్లిక ఎప్పటినుంచో ఉన్నది, అందరిదీ. ‘రూపకల్పన’ మీదే. 1957 నాటి కాపీరైట్ చట్టం కిందికి వచ్చేది మీరు రాసిన పాఠం, మీరు గీసిన పటం, తీసిన ఫొటో. అల్లే పద్ధతి కాదు. ‘వాడుకోవచ్చు, అమ్మకూడదు’ అని మాత్రం రాయకండి. కర్మను వదిలేయడం తెలుగుకు అలవాటు గాని, ఇక్కడ అమ్మకూడనిది కాగితమా, రగ్గా? ‘అల్లిన రగ్గులు అమ్ముకోవచ్చు. ఈ కాగితాన్ని గాని దీని నకలును గాని అమ్మకండి’ అని రెండు వాక్యాలు చేయండి.

పంపాక తప్పేదైనా దొరికితే ‘సవరించిన ప్రతి’ అని ఊరుకోకండి. పాతదీ కొత్తదీ ఒకరి ఫోన్లోంచి ఒకరికి తిరుగుతూనే ఉంటాయి. పైన తేదీ వేసి, ఏ వరుస మారిందో ఒక పంక్తిలో రాయండి.