పాత లాటరీ ఫలితాలు చూసి తర్వాత వచ్చే నంబరు చెప్పగలమా?

చెప్పలేం, ఎందుకంటే సరిగా తీసే డ్రాలో పాత ఫలితాలకూ రాబోయే నంబరుకూ ఏ సంబంధమూ ఉండదు. ప్రతి డ్రా మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది. నిన్న ఏ అంకె వచ్చిందో ఆ యంత్రానికి గుర్తుండదు.

నెల్లూరులోనో ఒంగోలులోనో కూర్చుని కేరళ లాటరీ ఫలితాల చివరి అంకెలు వరసగా రాసుకునేవాళ్లు ఉంటారు. పది డ్రాల్లో 7 రాలేదనుకోండి, "ఇక రావాల్సిందే" అనిపిస్తుంది. కానీ ఒక అంకె వరసగా పదిసార్లు రాకపోవడానికి అవకాశం దాదాపు 35 శాతం. అంటే అది వింతేమీ కాదు. పదకొండోసారి కూడా 7 వచ్చే అవకాశం పదింట ఒకటే. ఇలాంటి లెక్కలు చూపించి "గెస్సింగ్ నంబర్లు" అమ్మేవాళ్లకు దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

నంబర్లలో నిజంగానే కనిపించే ఒక పద్ధతి ఉంది, చాలామంది పొరబడేది అక్కడే. 000 నుంచి 999 వరకు ఉన్న వెయ్యి నంబర్లలో మూడు అంకెలూ వేరువేరుగా ఉన్నవి 720, రెండు మాత్రమే ఒకటిగా ఉన్నవి 270, మూడూ ఒకటే అయినవి 10. అందుకే ఫలితాల్లో 777 లాంటివి అరుదుగా, 482 లాంటివి తరచుగా కనిపిస్తాయి. దాంతో 482 ఎంచుకుంటే మంచిదనుకుంటారు. అది తప్పు. ఎక్కువగా వచ్చేది ఆ రకం నంబర్లు, ఆ నంబరు కాదు. విడిగా చూస్తే 777కైనా 482కైనా వెయ్యింట ఒక్కటే అవకాశం.