క్రాక్ అడిగావు కదా అల్లుడూ, ఇదిగో జవాబు

అల్లుడూ,

నిన్న రాత్రి ఫోన్లో "మామా, నీ సిస్టంలో ఉన్న ఆ రెండు గళ్ళ సాఫ్ట్‌వేర్ క్రాక్ ఉంటే పంపవా" అన్నావు. అప్పుడు షాపులో పెండ్లివాళ్ళు ఆల్బమ్‌కు ఫోటోలు ఏరుకుంటూ కూర్చున్నారు, అందుకే ఊఁ అని పెట్టేశాను. ఊఁ అన్నానంటే, డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ తాళం పగలగొట్టే ఆ దొంగ ఫైలు పంపుతానని కాదు. కల్వకుర్తిలో కొత్తగా స్టూడియో తెరుస్తున్నావు, మొదటి నెలలోనే ఇట్లాంటివి ఎక్కించుకుంటే తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. అందుకని తీరిగ్గా రాస్తున్నాను, ఫోన్లో చెప్తే సగం వింటావు, సగం ఇన్‌స్టా చూస్తావు.

ముందుగా దాని పేరు టోటల్ కమాండర్, కంప్యూటర్లో ఫైళ్ళు చూసుకుని, కాపీ చేసి, సర్దుకునే సాఫ్ట్‌వేర్. స్విట్జర్లాండ్‌లో క్రిస్టియన్ గిస్లర్ అనే ఆయన 1993 నుంచి దాన్ని నడుపుతున్నాడు. మొదట్లో విండోస్ కమాండర్ అనేవాళ్ళు, విండోస్ అనే మాట మైక్రోసాఫ్ట్ సొంతం కాబట్టి 2002లో పేరు మార్చాడు. ఈ పాత పేరు సంగతి గుర్తుంచుకో, డబ్బు కడితే వచ్చే కీ ఫైలు దగ్గర మళ్ళీ వస్తుంది. అంతకుముందు డాస్ కాలంలో నార్టన్ కమాండర్ ఉండేది, నీలం తెర, ఎడమ ఒక గడి, కుడి ఒక గడి. నేను నల్లగొండలో కంప్యూటర్ కోర్సు చేసినప్పుడు మౌస్ ముట్టనియ్యకుండా సార్ దాని మీదే నేర్పాడు. ఎఫ్5 అంటే కాపీ, ఎఫ్6 అంటే తరలించడం, ఎఫ్7 అంటే కొత్త ఫోల్డర్, ఎఫ్8 అంటే తీసెయ్యడం. టోటల్ కమాండర్‌లో ఇప్పటికీ అవే మీటలు. నీ వయసువాళ్ళకు చూడగానే పాత సినిమాలాగా అనిపిస్తుంది, నాకు తెలుసు, ఒక వారం ఓపిక పట్టు.

ఇది షేర్‌వేర్. అంటే దొంగతనంగా తెచ్చుకోవాల్సిన అవసరమే లేదు, గిస్లర్ డాట్ కామ్‌లో ఆయనే పెట్టి ఉంచాడు, దించుకుని 30 రోజులు వాడి చూడమంటాడు. మీ దగ్గర మార్కెట్ యార్డులో పల్లికాయ కొనేవాడు నాలుగు కాయలు ఒలిచి నోట్లో వేసుకోడూ, అట్లా. ఈ 30 రోజుల్లో ఏ పనీ తాళం వేసి ఉండదు, అన్నీ నడుస్తాయి. తెరిచినప్పుడల్లా ఒక డబ్బా వచ్చి 1, 2, 3 అనే బటన్లలో ఫలానాది నొక్కు అంటుంది, ఏది నొక్కాలో ప్రతిసారీ మారుతుంది. అంతే దాని కాపలా. నిజం చెప్పాలంటే నెల దాటినా అది ఆగిపోదు, ఆ డబ్బా వస్తూనే ఉంటుంది, నువ్వు నొక్కుతూనే ఉండొచ్చు, చాలామంది ఏండ్ల తరబడి అట్లానే నొక్కుతున్నారు. మరి అంత మెత్తటి తాళాన్ని కూడా పగలగొట్టడానికి క్రాక్ ఎందుకురా?

నేనూ పగలగొట్టినవాడినే, దాచను. షాపు పెట్టిన కొత్తలో ఒక సీడీ తెచ్చుకున్నాను, అందులో రెండొందల సాఫ్ట్‌వేర్లు, అన్నిటికీ క్రాకులు. క్రాక్ నడిపేటప్పుడు యాంటీవైరస్ ఆపమని అందులోనే రాసి ఉంది, ఆపాను. ఇంటికి దొంగొస్తున్నాడు కుక్కను కట్టెయ్యి అంటే కట్టేసినట్టు. పది రోజుల తర్వాత ఒకాయన వచ్చి, నా దగ్గర ఫోటోలు వేయించుకున్న పెన్‌డ్రైవ్ కౌంటర్ మీద పెట్టి, "నా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయినయి, ఏం చేసినవ్" అన్నాడు. ఆ వారంలో నా దగ్గరికి వచ్చిపోయిన పెన్‌డ్రైవులన్నీ అంతే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలిపించి బాగుచేసి ఇచ్చాను. ఆ ఫోన్లు చేస్తున్నప్పుడు పడ్డ సిగ్గు ముందు రిజిస్ట్రేషన్ డబ్బులు ఏ మూలకు? ఆ సీజన్‌కే డబ్బు కట్టి కీ తెప్పించుకున్నాను.

సరే, ఈ 30 రోజులు ఏం చేస్తావు? ఊరికే తెరిచి చూసి మూసెయ్యకు. నీ అసలు పని దాంతోనే చెయ్యి, అంటే మెమరీ కార్డు ఖాళీ చెయ్యడం. మన వృత్తిలో గుండె ఆగేది అక్కడే. పెండ్లి తెల్లవారి కార్డు పెడతావు, నిద్ర లేదు, విండోస్‌లో కట్ కొడతావు, పేస్ట్ ఎక్కడ కొట్టావో గుర్తుండదు, మధ్యలో కార్డ్ రీడర్ కదులుతుంది. ఇందులో ఎడమ గడిలో కార్డు, కుడి గడిలో ఆ పెండ్లి ఫోల్డర్ రెండూ కళ్ళముందే ఉంటాయి, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో పొరపాటు పడడానికి వీల్లేదు. ఇన్సర్ట్ మీట నొక్కితే ఫైలు పేరు ఎర్రగా మారి ఎంపిక అవుతుంది, ట్యాబ్ నొక్కితే ఆ గడిలోంచి ఈ గడిలోకి వస్తావు. కాపీకి ఎఫ్5 మాత్రమే వాడు, కార్డు దగ్గర ఎఫ్6 జోలికి పోకు, కార్డులోని ఫోటోలు కార్డులోనే ఉండనియ్యి.

కాపీ అయ్యాక ఆగు, కార్డు ఫార్మాట్ చెయ్యకు. పైన కమాండ్స్ మెనూలో సింక్రనైజ్ డైరెక్టరీస్ అని ఉంటుంది. అది తెరిస్తే ఎడమ కుడి దారులు అదే తీసుకుంటుంది, బై కంటెంట్ అన్న దగ్గర, సబ్‌డైరెక్టరీల దగ్గర టిక్ పెట్టి కంపేర్ నొక్కు. పేరు, సైజు చూసి ఊరుకోకుండా ఫైలు లోపల అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది, టైం పడుతుంది, చాయ్ తాగిరా. అన్నిటి మధ్యా సమానం గుర్తు వస్తే కార్డు నీ ఇష్టం. ఒక్కదానికి కొట్టేసిన సమానం గుర్తు వచ్చినా ఆ ఫోటో సగమే దిగిందని లెక్క, మళ్ళీ కాపీ చెయ్యి. మూడేండ్ల కింద చెరువుగట్టు జాతర ఫోటోల్లో నాకు ఇట్లా పదకొండు దొరికాయి, పైకి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుండె, తెరిస్తే కింది సగం బూడిద రంగు. పోల్చకుండా ఫార్మాట్ చేసి ఉంటే మళ్ళీ జాతరదాకా ఆగాల్సిందే.

ఒక్క జాగ్రత్త. ఆ కిటికీలోనే సింక్రనైజ్ అనే బటన్, అసిమెట్రిక్ అనే టిక్కు కూడా ఉంటాయి. ఆ టిక్కు పెట్టి బటన్ నొక్కితే ఎడమ దాంట్లో లేనివి కుడి దాంట్లోంచి తీసేస్తుంది. నీకు కావలసింది పోల్చడం ఒక్కటే, ఇప్పట్లో ఆ రెండింటి వైపు చూడకు.

ఫోల్డర్ పేర్లు ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తారీఖు, ఆ తర్వాత ఊరు పెట్టు. అప్పుడు వరుస దానంతట అదే కుదురుతుంది. 2009లో వచ్చిన 7.5 వెర్షన్ నుంచి తెలుగు పేర్లు కూడా సరిగ్గా చూపిస్తుంది, అంతకుముందు అన్నీ ప్రశ్నార్థకాలే. అయినా నేను మాత్రం ఆల్బమ్ ల్యాబ్‌కు పోయే ఫోల్డర్లకు ఇంగ్లిష్ అక్షరాలే వాడతాను, అవతలి మెషీన్ ఏ కాలందో మనకెట్లా తెలుస్తుంది?

ఇద్దరు కెమెరామెన్లు పోయిన పెండ్లిలో ఫోటోల పేర్లు ఒకేలా వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి, ఆ చిక్కు నీకూ వస్తుంది. ఒకచోట కలపకముందే రెండు కార్డులను రెండు ఫోల్డర్లలో దించు. తర్వాత అన్నీ ఎంపిక చేసి కంట్రోల్ ఎమ్ నొక్కు, పేర్లన్నీ ఒక్క దెబ్బకు మార్చే కిటికీ వస్తుంది. చదరపు బ్రాకెట్లో ఎన్ అంటే పాత పేరు, సి అంటే వరుస నంబరు. మొదటి కెమెరాకు ముందు ఎ, రెండో కెమెరాకు ముందు బి తగిలిస్తే చాలు. కింద పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన చూపిస్తుంది, చూసుకున్నాకే స్టార్ట్ నొక్కు. తప్పు జరిగినా అండూ ఉంది, భయం లేదు.

రా ఫైళ్ళు, అంటే కెమెరా ఇచ్చే కచ్చా ఫోటోలు, జేపెగ్‌లతో కలిసిపోయినప్పుడు కీబోర్డు కుడివైపు నంబర్ల దగ్గరున్న ప్లస్ నొక్కి స్టార్ డాట్ సీఆర్2 అని కొట్టు, అవి మాత్రమే ఎర్రబడతాయి. నీ కెమెరా వేరే ఎక్స్‌టెన్షన్, అంటే ఫైలు పేరు చివర చుక్క తర్వాతి అక్షరాలు, ఇస్తే అది కొట్టుకో. ఫోల్డర్ మీద స్పేస్ నొక్కితే దాని సైజు చెప్తుంది, డిస్కు నిండినప్పుడు దొంగ ఎవరో తెలుస్తుంది. కంట్రోల్ డి అంటే రోజూ తిరిగే ఫోల్డర్ల జాబితా. వెతకడానికి ఆల్ట్ ఎఫ్7. మిగతావి వాడుతుంటే అవే వస్తాయి.

పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్ జబ్బు మందు కూడా చెప్తాను, జిరాక్సుల కోసం వచ్చేవాళ్ళు నీ కౌంటర్ మీద పెట్టేవి సగం ఆ జబ్బువే. కాన్ఫిగరేషన్‌లో డిస్‌ప్లే కిందికి పోయి దాచిన ఫైళ్ళు, సిస్టం ఫైళ్ళు చూపించు అన్న దగ్గర టిక్ పెట్టుకో. పెన్‌డ్రైవ్‌ను విండోస్‌లో డబుల్ క్లిక్ చెయ్యకుండా ఇందులోనే తెరువు. షార్ట్‌కట్ల పక్కనే అసలు ఫోల్డర్లు దాగి కనిపిస్తాయి, ఒక్కోసారి పేరే లేని ఒక ఫోల్డర్ లోపల కుక్కి ఉంటాయి. షార్ట్‌కట్లు, గుర్తు తెలియని స్క్రిప్టు ఫైళ్ళు తీసెయ్యి, అసలు ఫోల్డర్లు ఎంపిక చేసి ఫైల్స్ మెనూలో చేంజ్ ఆట్రిబ్యూట్స్ తెరిచి హిడెన్, సిస్టం టిక్కులు తీసెయ్యి. అంతే, పోయాయనుకున్నవన్నీ అక్కడే ఉంటాయి. కానీ పెన్‌డ్రైవ్‌లో తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి రావు, ఏం తీస్తున్నావో చూసి తియ్యి. నల్లగొండలో నన్ను ఫోటోగ్రాఫర్‌గా కన్నా పెన్‌డ్రైవుల డాక్టర్‌గానే ఎక్కువమంది ఎరుగుదురు, మీ అత్తకు అదే కోపం, ఎవరి దగ్గరా పైసా తీసుకోనని.

ఇక రిజిస్ట్రేషన్. ఆ నెలలో నీ చెయ్యి దానికి అలవాటు పడకపోతే తీసెయ్యి, కట్టొద్దు. పడితే కట్టు. ధర వాళ్ళ సైట్‌లోనే ఉంటుంది, మన రూపాయల్లో కొన్ని వేలు, ఒక బారసాల ఫోటోల బిల్లు అనుకో. ఒక్కసారే కట్టేది, తర్వాత వచ్చే వెర్షన్లన్నిటికీ అదే కీ నడుస్తుంది, ఏటేటా అడగడు. ఈ రోజుల్లో ప్రతి సాఫ్ట్‌వేర్ నెలనెలా అద్దె అడుగుతుంటే ఇట్లాంటివాడు ఇంకా ఉన్నాడంటే నాకైతే ముచ్చటేస్తుంది.

ఫోన్‌పే కొడతా అంటే కుదరదు, కార్డు కావాలి. అదీ విదేశీ చెల్లింపులకు తెరిచిన కార్డు. 2020లో రిజర్వు బ్యాంకు రూల్ తెచ్చింది, కొత్త కార్డులకు ఆ సౌకర్యం మూసే ఇస్తారు, నీ బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ అన్న చోట నువ్వే తెరుచుకోవాలి, పని అయ్యాక మళ్ళీ మూసెయ్యి. బ్యాంకు పైన ఇంకొంచెం మారకం ఖర్చు వేసుకుంటుంది, స్టేట్‌మెంట్ చూసి కంగారు పడకు. పేరు, మెయిల్ ఐడీ తప్పు లేకుండా కొట్టు. పేరు అంటే నీ పేరే, షాపు పేరు కాదు. నేను తెలివి ఎక్కువై షాపు పేరు మీద తీసుకున్నాను, రెండేండ్లకు భాగస్తుడూ నేనూ విడిపోయి బోర్డు మార్చుకున్నాం, ఇప్పటికీ తెర మీద పైన టైటిల్‌లో ఆ పాత పేరే వెక్కిరిస్తుంది.

కీ మెయిల్లో వస్తుంది. ఫైలు పేరు విన్‌సీఎండీ డాట్ కీ, చెప్పాను కదా పాత పేరు గుర్తుంచుకో అని. జిప్ లోపల ఉంటే బయటికి తీసి, టోటల్ కమాండర్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్లోనే పెట్టు, ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరువు. ఆ 1, 2, 3 డబ్బా రాకపోతే పని అయినట్టే. వచ్చిందంటే నువ్వు వేరే ఫోల్డర్లో పెట్టావన్నా అయి ఉండాలి, జిప్ విప్పలేదన్నా అయి ఉండాలి. లోపల ఏముందో అని నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ మాత్రం కొట్టకు, చెడిపోతుంది. కాపీలు వెంటనే రెండు తీసి ఒకటి బయటి డిస్కులో, ఒకటి నీ మెయిల్‌లోనే ఉంచు, ఎందుకంటే ఎవడో ఒకడు సిస్టం స్లో అయిందని సీ డ్రైవ్ ఫార్మాట్ కొడతాడు.

ఒక మనిషికి ఒక కీ. షాపులో, ఇంట్లో, ల్యాప్‌టాప్‌లో నువ్వొక్కడివే వాడితే అన్నిట్లో వేసుకోవచ్చు. పనికి పెట్టుకున్న పిలగాడు రెండో సిస్టం మీద కూర్చుని వాడితే వాడికి ఇంకో లైసెన్సు కావాలి. అంత ఖర్చు ఇప్పుడే ఎందుకనుకుంటే ఆ సిస్టంలో డబుల్ కమాండర్ వెయ్యి, అది పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, చాలావరకు మీటలు కూడా ఇవే. నీకు కూడా చేతిలో డబ్బు ఆడకపోతే ఈ సీజన్ దాంతోనే గడుపు, నేను ఏమీ అనుకోను. క్రాక్ మాత్రం నా దగ్గర లేదు, ఉన్నా పంపను.

నీ కీ వచ్చాక అది నాకు పంపకు, "చూడు మామా" అని స్టేటస్‌లో పెట్టకు, దాంట్లో నీ పేరుంటుంది. టైటిల్‌లో నీ పేరు కనబడే తెర ఫోటో ఒక్కటి పంపు చాలు, అక్కకు చూపిస్తాను.

మీ మామ
నల్లగొండ