మింట్ సంచి సీలు విప్పాలా, అలాగే ఉంచాలా?

అమెరికా మింట్ (ప్రభుత్వ టంకశాల) అమ్మిన 100 స్టేట్ క్వార్టర్ల (ఒక్కో రాష్ట్రం పేర 1999-2008లో వచ్చిన 25 సెంట్ల నాణేలు) సీలు సంచిని విప్పాలా అనే అడిగారు కదా, నేనైతే విప్పను. అవి రాగి-నికెల్ నాణేలు, వెండి కాదు. సీలు పోతే దాదాపు ముఖ విలువే, 25 డాలర్లు. సీలున్న సంచికి కొనేవాళ్లు అంతకు పైన ఇచ్చేది లోపల ఏముందోనన్న ఆశకే. పెద్ద గ్రేడ్ (నాణెం స్థితికి ఇచ్చే రేటింగ్) మీద ఆశ పెట్టుకోకండి: సంచిలో ఒకదానికొకటి రాసుకుని నాణెంపై ఉన్న వాషింగ్టన్ బొమ్మ బుగ్గ మీద గీతలు పడే ఉంటాయి.

విప్పాలని చేయి దురద పెట్టేది ఒక్క 2004 విస్కాన్సిన్ 'డి' సంచికే. 'డి' అంటే డెన్వర్ టంకశాల గుర్తు; అక్కడ ముద్రించిన వాటిలో కొన్నింటిపై మొక్కజొన్న కంకికి ఎడమవైపు అదనపు ఆకు ఉంది, సేకర్తలు వెతికేది వాటినే. కానీ అవి ఎక్కువగా అమెరికాలోని టూసాన్, శాన్ ఆంటోనియో నగరాల వైపు చిల్లరలో బయటపడ్డాయి. మీ సంచిలో ఉంటాయన్న భరోసా లేదు.

విప్పినా సంచి ట్యాగ్ పారేయొద్దు, నాణేల్ని పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు.