ఎత్తుల లెక్కలో 258 తేడా

ఒంగోలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కావలి నుంచి నీవు వ్రాసిన ఉత్తరం అందింది. చదరంగంలో ఆరంభం నుంచి (తెలుపు, నలుపు ఎత్తులు రెండూ కలిపి) ఎన్ని రకాలుగా ఎత్తులు వేయవచ్చో లెక్కించే నీ ప్రోగ్రాము మొదటి నాలుగు ఎత్తులకు 20, 400, 8,902, 1,97,281 అని సరిగానే చెప్పి, అయిదో ఎత్తుకు 48,65,609 బదులు 48,65,351 చూపుతున్నదని, అందుకని అంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటున్నావని చదివాను. ఆ పని చేయవద్దు అబ్బయ్యా. ముందు తేడా ఎంతో చూడు: 258. ఆరంభ స్థితి నుంచి అయిదో ఎత్తులో ‘ఆన్ పాసాన్’గా, అంటే రెండు గడులు దూకిన బంటును ఒక్క గడే జరిగినట్టు భావించి, బంటుతో చంపే సందర్భాలు సరిగ్గా 258 ఉంటాయి. తెల్ల బంటు తన రెండు ఎత్తుల్లో అయిదో వరుసకు చేరి, నల్ల బంటు దాని పక్కకు రెండు గడులు దూకితేనే ఆ అవకాశం వస్తుంది కనుక అంతకు ముందు ఒక్కటీ ఉండదు. నీవు ఆ నియమాన్నే మరిచావు.

దాన్ని వ్రాసేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఆ ఎత్తుతో ఒకే వరుసలోని రెండు బంట్లూ ఒక్కసారే తొలగిపోతాయి. ఆ వరుసకు ఒక చివర నీ రాజు, మరో చివర శత్రువు ఏనుగు ఉంటే, కదిలిన బంటు మాత్రమే చూసే పరీక్షకు రాజు మీద పడిన చెక్ కనిపించదు. ఎత్తు వేసి, రాజును చూసి, వెనక్కు తీసుకోవడమే నా పద్ధతి. నెమ్మదైనదే కాని మోసం చేయదు.

ఆరో ఎత్తుకు 11,90,60,324 వచ్చిందని పొంగిపోవద్దు. ఆరంభం నుంచి ఏడో ఎత్తుకు ముందు కాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం) రాదు, తొమ్మిదో ఎత్తుకు ముందు బంటు మంత్రి కాదు. అంటే ఆ రెండు నియమాలనూ నీ లెక్క ఇంకా ముట్టుకోనే లేదు. అందుకే ‘కివీపీట్’ అనే పరీక్షా స్థితిని తీసుకో. అక్కడ మొదటి ఎత్తులు 48, అందులో కాస్లింగ్‌లే రెండు. ఏనుగు తన గడిలోనే చచ్చినప్పుడు ఆ వైపు కాస్లింగ్ హక్కు పోతుందన్న మాటను చాలామంది మరుస్తారు. మంత్రి వైపున ఏనుగు పక్క గడి మీద శత్రువు దాడి ఉన్నా ఫరవాలేదు, రాజు దాటే గడి మీద మాత్రం ఉండకూడదు. చివరి వరుసకు చేరిన బంటుకు మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం అని నాలుగు వేర్వేరు ఎత్తులు లెక్కించాలి.

అంకె తప్పినప్పుడు మొత్తాన్ని చూసి బెంగపడక, మొదటి ఎత్తువారీగా విడదీసి సరిచూడు. ఆరంభ స్థితి నుంచి మూడు ఎత్తుల లెక్కలో రాజు ముందు బంటును రెండు గడులు జరిపితే 600, ఒక్క గడి జరిపితే 599 రావాలి. తేడా ఉన్న కొమ్మలోకే దిగుతూ పోతే తప్పు నాలుగైదు అడుగుల్లో దొరుకుతుంది.

లెక్కను 64 బిట్ల అంకెలో ఉంచు. నేను మొదటిసారి 32 బిట్లలో ఉంచినందుకు, సంఖ్య అందులో పట్టక, ఏడో ఎత్తుకు 319,59,01,860 రావలసిన చోట –109,90,65,436 వచ్చింది, ఆ రాత్రంతా ఎత్తుల్లోనే తప్పు వెతికాను. వేగం సంగతి తరువాత: ఎత్తు చెల్లుతుందో లేదో వేయకుండానే తేల్చగలిగాక, చివరి ఎత్తులను వేసి చూడకుండా వాటి సంఖ్యను మాత్రం కలిపితే చాలా సమయం మిగులుతుంది.

కివీపీట్‌లో బంటు మారడం నాలుగో ఎత్తులోనే మొదలవుతుంది. అక్కడ 40,85,603 వస్తే ఫోన్ చెయ్యి. రాకపోతే మొదటి ఎత్తువారీ పట్టిక పంపు.

మీ మామయ్య